తెల్లవి ఆవిడకి చాలు

లోరేన్ అంటే నాకు గిట్టదు. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఆవిడ నాకు చేసిన అపకారం ఒక్కటీ లేదు. చేసినవన్నీ ఉపకారాలే, అవీ నా కూతురికి. నా బాధంతా అక్కడే.

అమెరికాలో, ప్లేనోలో మా అమ్మాయి భావన వాళ్ల పక్కిల్లు ఆవిడది. రెండిళ్లకీ మధ్య చెక్క కంచె, ఆ కంచెకో చిన్న తలుపు. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కారు నడపడం మానేసింది. చేతికర్ర పట్టుకుని ఆ చిన్న తలుపు తోసుకుంటూ, పెరటి గుమ్మంలోంచి తిన్నగా మా అమ్మాయి వంటింట్లోకి వచ్చేస్తుంది. పిలవడం, తలుపు కొట్టడం ఏమీ ఉండదు. కన్నతల్లిని నేను, నేనే ఆ ఇంట్లో ఒక డబ్బా మూత తీయాలంటే ఇది తీయొచ్చా అని అడుగుతాను.

మా ఆయన భీమశంకర్ ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరం ఏప్రిల్లో పాలకొల్లు నుంచి వచ్చాం. ఇంతకుముందు రెండుసార్లు వచ్చాం కానీ రెండుసార్లూ చలికాలమే. మే నెలలో నేను ఊరు కదిలే మనిషిని కాను. ఆవకాయ ఎవరు పెడతారు? అలాంటిది ఈసారి భావన ఫోన్ చేసి, "ఒక్కసారి మేలో రా అమ్మా. మదర్స్ డేకి నువ్విక్కడ ఉండాలని ఉంది" అంది. ఆ ఒక్క మాటకి కరిగిపోయి, ఈ ఏటి ఆవకాయ మా తోడికోడలికి అప్పగించాను. ఆవిడ ఉప్పు ఎక్కువేస్తుంది. వేస్తే వేసింది, నా కూతురు పండక్కి రమ్మంది అని ఊరంతా చెప్పి మరీ విమానం ఎక్కాను.

వచ్చిన మర్నాడే కాఫీ కలుపుకుందామని అల్మారా తీసి, నీలంరంగు పెద్ద కప్పు ఒకటి అందుకున్నాను. మా మనవరాలు నైనిక పరిగెత్తుకొచ్చింది. ఆరేళ్లది.

"అమ్మమ్మా, నో! అది గ్రామీ కప్. గ్రామీ మాత్రమే తాగుతుంది."

"గ్రామీ ఎవరే?"

"గ్రామీ లోరేన్."

కిందటిసారి వచ్చినప్పుడు పిల్లకింకా మాటలు రాలేదు, ఈ పిలుపు నాకు కొత్త. అంటే ఆ ఇంట్లో నేను అమ్మమ్మని, ఆవిడ గ్రామీ; గ్రామీ అన్నా అమ్మమ్మే. ఆవిడకి సొంత కప్పు ఉంది, నాకు లేదు. ఆ కప్పు శుభ్రంగా కడిగి, తుడిచి, అల్మారా పై అరలో ఆవిడకి అందనంత ఎత్తున పెట్టాను. మర్నాడు ఆవిడొచ్చి చేతికర్ర వంపుతో దాన్ని కిందికి లాక్కుని, నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఒళ్లు మండిపోయింది.

ఈ పెత్తనం ఆవిడకెలా వచ్చిందో చెప్పాలి. నైనిక పుట్టింది కరోనాలో. పురిటికి రావడానికి నా టిక్కెట్టు సిద్ధం, పెట్టె సిద్ధం, పెట్టెలో బాలింత కాయం డబ్బా సిద్ధం. విమానాలు ఆగిపోయాయి. మనవరాలిని నేను ఫోన్‌లో చూశాను. ఇక్కడ మా అల్లుడు ఫణికి బిడ్డని ఎత్తుకోవడం కూడా రాదు. అప్పుడు ఈవిడ మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి, పిల్లకి నీళ్లు పోసిందట. సూప్ కాచి పెట్టిందట. భావనని పడుకోమని చెప్పి, ఊయల కుర్చీలో పిల్లని వేసుకుని కూర్చునేదట. ఈ కథ భావన నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా "పాపం, ఎంత మంచావిడో" అనేదాన్ని. లోపల మాత్రం కడుపు రగిలిపోయేది. నేను చేయాల్సిన పురుడు అది. నా చేతుల మీదుగా జరగాల్సిన మొదటి స్నానం. ఆవిడ తప్పేం లేదు, దేశాలే మూతపడ్డాయి. అయినా నా వాటా తీసుకున్నట్టే అనిపించేది. కాయం డబ్బా ఆ పెట్టెలోనే పాతబడిపోయింది.

అసూయ అంటారు దీన్ని. నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గదు.

ఒకరోజు భావన పులిహోర ఒక గిన్నెలో పెట్టి ఆవిడకి ఇచ్చి రమ్మంది. నేను వంటింట్లోకి వెళ్లి, అందులో నాలుగు పచ్చిమిరపకాయలు దంచి కలిపాను. తిననీ, తెలుస్తుంది అనుకున్నాను. సాయంత్రం ఖాళీ గిన్నెతో వచ్చి, ఇంతకంటే కారంగా ఉన్నా బాగుండేదని భావనతో చెప్పింది. పుట్టి పెరిగింది టెక్సాస్‌లోనట, చిన్నప్పటి నుంచీ హాలపీన్యో మిరపకాయలు పచ్చివే కొరుక్కుతినే అలవాటట. మా ఆయన సోఫాలో ఇదంతా విని, పేపరు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వారు.

"ప్రసూనా, నీ మిరపకాయలు ఆవిడ మీద పనిచేసేలా లేవే."

"నేనేం వేశాను? ఏదో ఘాటు కాయలు పడ్డాయి."

"అవునవును. వాటంతటవే పడ్డాయి."

మే నెల మొదలయ్యేసరికి ఏ కొట్టుకెళ్లినా మదర్స్ డేనే. కార్డులు, బెలూన్లు, పూలగుత్తులు, చాక్లెట్లు. అసలు ఈ పండగ ఎక్కడిది అని నేనడిగితే, మా ఆయన ట్యాబ్‌లో వెతికి చదివి చెప్పారు. ఏ సంగతైనా చదివి చెప్పమంటే ఆయనకి ప్రాణం లేచొస్తుంది.

"వందేళ్లు దాటిందే. వెస్ట్ వర్జీనియాలో ఆనా జార్విస్ అని ఒకావిడ. వాళ్లమ్మ మే నెలలో పోయింది. మూడేళ్ల తర్వాత అదే నెలలో వాళ్లూరి చర్చిలో అమ్మ పేరు మీద ప్రార్థన పెట్టించి, వందల కొద్దీ తెల్ల పూలు పంపించింది. కార్నేషన్లంటారట, వాళ్లమ్మకి ఇష్టమైన పూలట. తర్వాత పెద్దపెద్దవాళ్లందరికీ ఉత్తరాలు రాసి రాసి, చివరికి దేశమంతా జరుపుకోవాలని ప్రెసిడెంటు చేత చెప్పించింది. మే నెల రెండో ఆదివారం."

"అంటే వాళ్లమ్మ తద్దినమేగా. దేశం మొత్తానికి పండగైందన్నమాట."

"అలాగే అనుకో. ఇంకో విశేషం చెప్పనా? తర్వాత పూలకొట్ల వాళ్లూ కార్డుల వాళ్లూ దీన్ని వ్యాపారం చేశారని ఆవిడకే కోపం వచ్చి, ముసలితనం దాకా వాళ్లతో పోట్లాడుతూనే ఉందట. పాపం, ఆవిడకి పెళ్లీ లేదు, పిల్లలూ లేరు."

"భలే బాగుంది. పిల్లల్లేని మనిషా అమ్మల పండగ పెట్టింది?" అన్నాను. అన్నప్పుడు నా చూపు కంచె వైపే ఉంది. "ఈ దేశంలో పిల్లల్లేని వాళ్లకే అమ్మతనం ఎక్కువలా ఉంది."

ఆయన ట్యాబ్ మూసి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "ఆవిడ అమ్మగా పెట్టలేదే. కూతురిగా పెట్టింది."

ఆ మాట నేను పట్టించుకోలేదు. కూతుళ్ల సంగతి ఆలోచించే స్థితిలో లేను, నాకు నా కూతురే దక్కేట్టు లేదు.

శనివారం వచ్చింది. తెల్లవారితే మదర్స్ డే. దోసెల పిండి తీసుకుందామని గరాజ్‌లో ఉన్న రెండో ఫ్రిజ్ తెరిస్తే, కింది అరలో ఇంత పెద్ద అట్టపెట్టె. మూత తీసి చూద్దును కదా, నిండా పూలు. సగం ఎర్రవి, సగం తెల్లవి. రేకుల అంచులు కత్తెరతో కత్తిరించినట్టు చిన్నచిన్న పళ్లు. నాకే అనుకున్నాను. పిచ్చిపిల్ల, ఇన్ని పూలు ఏం చేసుకుంటానని తెచ్చింది అనుకున్నాను. మూత పెట్టి, ఏమీ చూడనట్టు మొహం పెట్టుకుని లోపలికొచ్చాను. కానీ ఆగలేకపోయాను.

"గరాజ్ ఫ్రిజ్‌లో ఆ పూలేమిటే?" అన్నాను.

భావన కారు తాళాల కోసం వెతుక్కుంటోంది. నైనికని డాన్స్ క్లాస్‌కి దింపాలి. "అవా? అవి లోరేన్ కోసం అమ్మా. రేపు పొద్దున ఆవిణ్ణి చర్చికి తీసుకెళ్లాలి. ఎవ్రీ ఇయర్ నేనే డ్రైవ్ చేస్తాను. నువ్వూ వస్తావా?"

"మీ ఇద్దరి మధ్యలో నేనెందుకులే."

తాళాలు దొరికాయి. భావన ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది. ఇంతలో నైనిక కార్లోంచి హారన్ కొట్టింది. "సరే అమ్మా, నీ ఇష్టం" అని వెళ్లిపోయింది.

ఇల్లు ఖాళీ. మా ఆయన పైన నిద్రపోతున్నారు. నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. ఆవకాయ వదిలేసి ఇంత దూరం వచ్చింది, పండగ పూట నా కూతురు ఇంకొకావిణ్ణి కార్లో ఎక్కించుకుని తిప్పుతుంటే కిటికీలోంచి చూడటానికా? ప్రతి ఏడూ అట. ప్రతి ఏడూ నేను పాలకొల్లులో ఆవపిండి కలుపుతూ, సాయంత్రం ఫోన్‌లో "హ్యాపీ మదర్స్ డే అమ్మా" అంటే పొంగిపోయేదాన్ని. పొద్దున పూట ఆవిడది, మిగిలిపోయిన సాయంత్రం నాదీ అన్నమాట. ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు కోపమొచ్చింది. కోపంతో పాటు ఒక ఆలోచన వచ్చింది.

శనివారం కదా. వెంకటేశ్వరస్వామి వారం. ఇంట్లో ఇన్ని పూలు పెట్టుకుని స్వామికి దండ లేకుండా ఎలా?

ఆ పూలు స్వామివి కావని నాకు తెలుసు. ఎవరి కోసమో భావనే స్వయంగా చెప్పి వెళ్లింది. తెలిసే చేశాను. పెట్టె తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టుకుని, ఎర్రవన్నీ ఒక్కొక్కటే ఏరి పక్కన పోశాను. తెల్లవి ముట్టుకోలేదు. తెల్లవి ఆవిడకి చాలు అనుకున్నాను. ఆ పూల కాడలు ఉల్లికాడంత లావు. పొట్టిగా తుంచి, దారం రెండు పేటలు వేసి, ముడి మీద ముడి బిగించి కట్టాను. మల్లెపూలు కట్టిన చెయ్యి నాది, అలాంటి పూలు ఎప్పుడూ కట్టలేదు. వేలు కోసుకుపోయింది. అయినా కట్టాను. ఒక్కో ముడికీ కడుపులో మంట కాస్త చల్లబడుతున్నట్టు అనిపించింది. దండ బ్రహ్మాండంగా వచ్చింది. పూజ అల్మారాలో స్వామి పటానికి వేస్తే పాదాల దాకా దిగింది. తెల్లవాటితో పెట్టె మూసి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేశాను.

సాయంత్రం ఫణి వెళ్లి నైనికని తీసుకొచ్చాడు. భావన సరుకులకి వెళ్లిందట. పిల్ల బూట్లు విప్పుతూ పూజ అల్మారా వైపు చూసి, నోరు తెరిచింది.

"అమ్మమ్మా! అవి చర్చ్ ఫ్లవర్స్!"

"దేవుడికి వేశానే. ఏ దేవుడైతేనేం? తెల్లవి ఉన్నాయిగా, అవి పట్టుకెళ్తుంది మీ అమ్మ."

"బట్ వైట్ వేరే. మా స్కూల్లో టీచర్ చెప్పింది." నైనిక తన బ్యాగులోంచి కాగితం పువ్వు ఒకటి తీసింది, ఎర్ర కాగితంతో చేసింది. "రెడ్ అంటే మామ్ అలైవ్. వైట్ అంటే మామ్ హెవెన్‌లో ఉంది. గ్రామీ వైట్ పెట్టుకుంటుంది, గ్రామీ వాళ్ల మామ్ హెవెన్‌లో ఉంది కదా."

నా చేతిలో పిల్ల బూటు ఉంది. కింద పెట్టేశాను.

"మరి మీ అమ్మ?"

"మమ్మీ రెడ్. ఎవ్రీ ఇయర్ రెడ్. నువ్వు అలైవ్ కదా అమ్మమ్మా."

అంత మామూలుగా అంది. అని కాగితం పువ్వు నా చీరకి పెట్టబోయి, అది నిలవక కింద పడితే, తీసి మళ్లీ పెట్టబోయింది. నేను పూజ అల్మారా వైపు చూశాను. అక్కడ స్వామి మెడలో వేలాడుతున్నవన్నీ బతికున్న తల్లుల పూలు. అందులో ఏదో ఒకటి నాది. నా కూతురు ప్రతి ఏడూ నా కోసం పెట్టుకుంటున్న పువ్వుని నేనే, ఆవిడకి దక్కకూడదని, కాడ తుంచి ముడేసి కూర్చున్నాను. ఇక రేపు నా కూతురు తెల్లపువ్వు పెట్టుకుని నిలబడాలి, నేను పోయినట్టు.

భావన సరుకుల సంచులతో లోపలికి వచ్చింది. పటం చూసింది. సంచులు నేలమీద పెట్టింది.

"ఎర్రవన్నీనా?"

"శనివారం కదే... స్వామికి..."

"శనివారం అని కాదులే అమ్మా."

అరిచినా బాగుండేది. అరవకుండా అక్కడే ఉన్న చిన్న స్టూలు మీద కూర్చుంది. దాంతో నాకు ఆగలేదు. "అవునే, శనివారం అని కాదు. కుళ్లుకొని చేశాను. ఆవిడకి కప్పు ఉంది, నాకు లేదు. నీ పిల్ల ఆవిణ్ణి గ్రామీ అంటుంది. నీ పురుడు ఆవిడ పోసింది. ఈ పండక్కి రమ్మని నన్ను పిలిచి, పూలు ఆవిడకి తెస్తావా? కన్నది నేను కదే!"

"నేనూ అదే చెప్తున్నా కదా అక్కడ, ఐదేళ్ల నుంచి!" భావన స్టూలు మీంచి లేచింది. "నైనిక పుట్టినప్పుడు నువ్వు రాలేదు..."

"రాలేకపోయానే. నాకు..."

"తెలుసమ్మా. నీ తప్పని నేనెప్పుడూ అనలేదు. కానీ నువ్వు లేవు. రోజూ ఏడ్చేదాన్ని. లోరేనే అడిగింది, మీ అమ్మ పేరేంటని. మరుసటి ఏడు చర్చికి తీసుకెళ్లి, ఎర్రపువ్వు ఇచ్చి, ఆ పేరు పైకి చెప్పు, తేలికపడతావు అంది. అక్కడ పువ్వు పెట్టుకున్న వాళ్లు లేచి అమ్మ పేరు చెప్తారు. అప్పట్నుంచీ వెళ్తున్నా. ఈసారి నువ్వు పక్కనుండగా చెప్పాలనే మేలో రమ్మన్నాను. నువ్వేమో మీ మధ్యలో నేనెందుకు అన్నావు."

నేలమీది సంచులు తీసి గట్టు మీద పెట్టాను. మదర్స్ డే ముందు సాయంత్రం ఇక ఎక్కడా ఎర్రవి దొరకవని భావన అంది. రెండు కొట్లకి ఫోన్ చేసింది కూడా. లేవన్నారు. స్వామికి వేసిన దండ ఆ పూటే తీయడానికి నాకు చెయ్యి రాలేదు. దాని మీద నీళ్లు చల్లి, అలాగే ఉంచాను.

ఆదివారం పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, దండ తీశాను. బల్ల మీద పరుచుకుని, గోళ్లతో ఒక్కో ముడీ విప్పడం మొదలుపెట్టాను. బిగించి కట్టిన దాన్ని నేనే, విప్పడానికి నాకే ప్రాణం పోయింది. కొన్నిచోట్ల దారం కత్తిరించాను. మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

"వెంకటేశ్వరస్వామి మెళ్లో పూలు చర్చికి పంపిస్తున్నావు. ఆయనేమీ అనుకోడులే. ఆయనకి నీ అంత పట్టింపు లేదు."

"మాట్లాడకుండా ఆ కొస పట్టుకోండి."

పట్టుకున్నారు. నేను అడిగాను. "ఆ జార్విస్ అన్నావిడ కూతురిగా పెట్టిందన్నారే, పండగ. మొన్న నాకు ఎక్కలేదు."

"ఇప్పుడెక్కిందా?"

"మూసుకోండి" అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని ఆ మాట అనడం అదే మొదలు. ఆయన హాయిగా నవ్వారు.

ఫణీ, మా ఆయనా వంట చేస్తామని ఇంట్లో ఉండిపోయారు. భావన, నేను, లోరేన్, నైనిక కారెక్కాం. లోరేన్ ముందు సీటు తలుపు తీసి, కర్రతో నాకు సైగ చేసింది, నువ్వు కూర్చో అని. నా కూతురి పక్క సీటు. కూర్చున్నాను. ఇది కూడా ఆవిడ ఇస్తేనే నాకు దక్కాలా అని మళ్లీ ఒక చిన్న మంట. అంత తొందరగా పోయేది కాదు అది.

చర్చి గుమ్మంలో రెండు బుట్టలు పెట్టి, గుండుసూదులు పట్టుకుని ఒకావిడ నిలబడింది. వచ్చిన వాళ్లందరికీ పంచడానికి, లోరేన్ తరఫున మేం తెచ్చిన పూలని భావన వాటిలో సర్దింది. పొట్టి కాడల ఎర్రపూలని, వాటికి అక్కడక్కడా అంటుకున్న తెల్లదారాన్ని వింతగా చూసింది కానీ ఏమీ అనలేదు. నన్ను చూసి పేరడిగింది. "జ్ఞానప్రసూన" అన్నాను. ఆవిడ చేతిలో సూదుల డబ్బా పక్కన పెట్టేసి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"ప్రసూనా! భావనాస్ ప్రసూనా!"

వెనకాల ఉన్న ముసలాయన ఒకాయన టోపీ తీసి ముందుకొచ్చాడు. "గ్యా...నా...ప్ర...సూనా. కరెక్ట్‌గా అన్నానా? ఐదేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను" అని ఇంగ్లీషులో అన్నాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. అందరికీ నా పేరు తెలుసు. నేనెప్పుడూ కాలుపెట్టని చోట, నా భాష రాని మనుషులు నా పేరు నేర్చుకుని ఉన్నారు. పాలకొల్లులో మా వీధిలో సగంమందికి నేను భీమశంకర్‌గారి భార్యని.

తర్వాత సూదులావిడ రెండు బుట్టలూ నా ముందుకి జరిపింది. నా చెయ్యి ఎర్రపూల మీదికే వెళ్లింది. నిన్నటి నుంచి నా ధ్యాసంతా ఎర్రపూల మీదే కదా. అప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, తెల్లపువ్వు అందుకున్నాను. ఆవిడకి చాలు అని నేను వదిలేసిన వాటిలోదే.

లోపల బల్ల మీద భావన మధ్యలో కూర్చుంది, అటు లోరేన్, ఇటు నేను. నైనిక నా ఒళ్లో. కాసేపటికి పేర్లు చెప్పడం మొదలైంది. లోరేన్ కర్ర ఊని లేచి, వాళ్లమ్మ పేరు "రూత్" అని కూర్చుంది. భావన లేచింది. ఎర్రపువ్వు మీద చెయ్యి పెట్టుకుని, "జ్ఞానప్రసూన. షి ఈజ్ హియర్ టుడే" అంది. అంతా వెనక్కి తిరిగి నన్ను చూశారు.

తర్వాత నా వంతు. లేచాను. మా అమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ప్రతి ఏడూ తద్దినానికి వెళ్తాను. పురోహితుడు అమ్మ పేరు మా అన్నయ్యని అడుగుతాడు, గోత్రంతో సహా అన్నయ్య చెప్తాడు. నేను లోపల గారెల పిండి రుబ్బుతుంటాను. మా అమ్మ పేరు చెప్పమని నన్ను ఎవరూ ఏనాడూ అడగలేదు.

"కోటమ్మ" అన్నాను. నాకే సరిగా వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. "మా అమ్మ పేరు కోటమ్మ."

భావన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కళ్లు తుడుచుకుని చూస్తే, ఆ వరసలో లోరేన్‌దీ నాదీ తెలుపు, మధ్యలో నా కూతురిది ఒక్కటే ఎరుపు. అది నాది. నాకు చెప్పలేనంత గర్వంగా అనిపించింది. ఆ వెంటనే ఇంకొకటి కూడా తట్టింది. లోరేన్ కోసం ఎర్రపువ్వు పెట్టుకునే వాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. రేపు ఆవిడ పోతే తెల్లది పెట్టుకునే వాళ్లూ లేరు. భావనతో ఇంకొకటి పెట్టుకోమని చెప్తే? నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఇన్నేళ్లూ నేను లేకుండా జరిగింది, ఈ ఒక్క ఏడైనా ఆ పువ్వు నా ఒక్కదానిదే కానీ అనుకుని ఊరుకున్నాను.

అయిపోయాక బయటికి వచ్చాం. భావన కారు తేవడానికి వెళ్లింది. ఎండ చురుక్కుమంటోంది. లోరేన్, నేను, పిల్లా గుమ్మం నీడలో నిలబడ్డాం. ఆవిడ నాతో మాట్లాడాలంటే ఎప్పుడూ భావన కోసం చూసేది. ఈసారి చూడలేదు. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి, నాకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పింది.

"ప్రతి ఏడూ ఆ ఎర్రపువ్వు పక్కన కూర్చుంటాను. ఆ పిల్లకి నేను సూప్ కాచాను, దాని బిడ్డని మోశాను. అది మాత్రం లేచి ప్రతిసారీ నీ పేరే చెప్తుంది." చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, నా వైపు తిరిగింది. "ఐ వజ్ సో జెలస్ ఆఫ్ యూ."

జెలస్ అంటే ఏమిటో నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. ఆ మాటతో కాపురం చేస్తున్న దాన్ని.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. "మీ టూ" అన్నాను. "కప్పు, అప్! మిర్చి, మీ!" అని ఒకసారి పైకి, ఒకసారి నా గుండె వైపు చెయ్యి చూపించాను. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత కర్ర నేలకేసి కొట్టి మరీ నవ్వింది. నైనికకి ఏమీ అర్థం కాక, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆవిడ అంటే నాకు గిట్టదన్నాను చూశారా, ఆ రోజు కాసేపు గిట్టింది.

భావన కారు గుమ్మం ముందు ఆపింది. బుట్టలో నాలుగైదు ఎర్రపూలు మిగిలి ఉన్నాయి, ఇంకా దారం పోగులతో. నేను బుట్ట అందుకుని, కారు కిటికీలోంచి నా కూతురి ముందు పెట్టాను.

"ఇంకొకటి పెట్టుకోవే, లోరేన్ కోసం."

భావన నన్ను చూసింది, వెనకాల ఆవిణ్ణి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా బుట్టలో చెయ్యి పెట్టి, పైనున్న పెద్ద పువ్వు తీసింది.

"అది కాదు" అన్నాను. "నాదానికంటే చిన్నది చూసి తీసుకో."